కోటాలో మిగిలిన ఒక్క చోటు

ఉద్యోగులు మానేసి పోకుండా ఎలా నిలబెట్టుకోవాలో మీ ఆఫీసుల్లో ట్రైనింగులు ఇస్తారట. మా కోడలు ఈమధ్య అలాంటిదొకటి పూర్తి చేసి వచ్చి, పిజ్జా కూపన్లు, శుక్రవారం ఆటలు అంటూ ఏవేవో చెప్పింది. విని ఊరుకున్నాను. అదే పని చేసి రిటైరయ్యాను నేను. ఎక్కడ చేశానో చెబితే మాత్రం ఆ పిల్ల ఇప్పటికీ నా మొహంకేసి అనుమానంగా చూస్తుంది. మీరూ అలాగే చూస్తారేమో. నేను పనిచేసింది ఒక రగ్బీ క్లబ్బులో.

అంతకుముందు అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఏళ్ళ తరబడి కాగితాలు సర్దాను. హెచ్‌వన్‌బీలు, వాటి ఎక్స్‌టెన్షన్లు, ఉద్యోగాలు పోయి ఏడ్చే మగాళ్ళు, వాళ్ళను ఓదార్చే ఆడవాళ్ళు, అదీ నా లోకం. ఒకరోజు కొత్తగా క్లబ్ పెట్టిన ఓనర్ ఆటగాళ్ళ వీసాల కోసం వచ్చాడు. లాయరుగారు సెలవులో ఉంటే నేనే కూర్చోబెట్టి మాట్లాడాను. నెల తిరక్కుండానే క్లబ్బులో చేరమని కబురు పెట్టాడు. బయటి దేశాల నుంచి ఆటగాళ్ళను తేవాలి, తెచ్చినవాళ్ళు జారిపోకుండా చూసుకోవాలి. ఆ ఆటలో నాకు ఓనమాలు కూడా రావని చెప్పాను. "ఆట తెలిసినవాళ్ళు నా దగ్గర బోలెడుమంది ఉన్నారు, వీసాలు తెలిసినవాళ్ళే లేరు" అన్నాడు. రిటైరయ్యే వయసులో రగ్బీ ఏమిటే, నలుగురూ నవ్వుతారు అన్నారు మావారు. నవ్వితే వాళ్ళ పళ్ళే కనబడతాయి, నాకేం పోయింది అని చేరిపోయాను.

మొదటి రోజు ప్రాక్టీసు చూసి గుండె గుభేల్మంది. మన కబడ్డీకి చేతిలో ఒక బంతి ఇచ్చి, కూతకు బదులు బూతులు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. మాది పదమూడు మంది ఆడే రకం రగ్బీ. పదమూడు మంది ఇటు, పదమూడు మంది అటు, ఒంటి మీద దూదిముక్కంత కవచం లేదు. ఎదురెదురుగా పరిగెత్తుకొచ్చి గుద్దుకుంటున్నారు. ఒకడు పడి కదలకపోయేసరికి నేను నైన్‌వన్‌వన్ కొట్టబోయాను. కోచ్ నా చేతిలోంచి ఫోన్ తీసేసుకుని, "వాడు లేస్తాడులే, లవ్" అన్నాడు. వాడు నిజంగానే లేచాడు. నేనే ఆ "లవ్" దగ్గర ఆగిపోయాను. ఉత్తర ఇంగ్లండులో కోచ్‌వాళ్ళ ఊళ్ళో బస్సు డ్రైవరు కూడా ముసలమ్మల్ని అలాగే పిలుస్తాడని తరవాత తెలిసింది. కోచ్ మంచివాడే. నోరు తెరిస్తే తిట్టు, తిట్టు వెనకాల ప్రేమ. తిట్టడం మానేశాడంటే ఆ ఆటగాడి పని అయిపోయిందని అర్థం.

ఇప్పుడు చెప్పబోయేది మా కెప్టెన్ సంగతి. అతనిది పాపువా న్యూగినీ, ఆస్ట్రేలియాకు పైన ఉన్న దేశం. మనకు క్రికెట్ ఎంతో వాళ్ళకు ఈ ఆట అంత. మనిషి గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. మాట మాత్రం మెత్తన. మా అపార్టుమెంటు కాంప్లెక్సు పిల్లల్ని చూసి నన్ను "ఆంటీ" అనడం నేర్చుకున్నాడు. అతన్ని తెచ్చిన తొలి ఏడాదే జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా క్లబ్బులవాళ్ళ కళ్ళు కూడా అప్పుడే పడ్డాయి. కెప్టెన్ వెళ్ళిపోతే క్లబ్ మూసుకోవడమేనని ఓనర్ నన్ను పిలిచి చెప్పాడు.

అతన్ని ఆపాలంటే ముందు అతని భార్యను చూడాలని నాకు తెలుసు. మగవాడు కాంట్రాక్టు చూసి వస్తాడు, పెళ్ళాం మొహం చూసి వెళ్ళిపోతాడు. లాయరు ఆఫీసులో నేను నేర్చుకున్న చదువంతా ఇదే. ఆ అమ్మాయి తన ఊళ్ళో నర్సు. ఇక్కడ ఆటగాడి భార్యగా వచ్చింది కాబట్టి పనిచేయడానికి వీల్లేదు. వాళ్ళింటికి వెళ్ళేసరికి టీవీ నడుస్తోంది, ఆమె మాత్రం టీవీ చూడటం లేదు. ఆ మొహం నాకు బాగా తెలుసు. పెద్ద చదువులు చదివి, మొగుడి వెనకాల హెచ్‌ఫోర్ మీద వచ్చి, మధ్యాహ్నం అయినా నైటీ మార్చుకోబుద్ధి కాని ఆడపిల్ల మొహం అది. ఇలాంటివాళ్ళు మా కాంప్లెక్సులో బిల్డింగుకు నలుగురున్నారు. క్లబ్బువాళ్ళతో పోట్లాడి ఆ కాపురాన్ని మా కాంప్లెక్సుకే మార్పించాను.

ఆమె బాధ్యత ఇద్దరు తీసుకున్నారు. ఒకావిడది భీమవరం, పదేళ్ళ నుంచి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తోంది. రెండో అమ్మాయిది వరంగల్, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. వరంగల్ అమ్మాయి ఆమెకు డ్రైవింగ్ నేర్పింది, భీమవరం ఆవిడ గోంగూర పప్పు నేర్పింది. ఆమె వీళ్ళిద్దరికీ వాళ్ళ దేశపు తాడు సంచులు అల్లడం నేర్పింది. వేసవి వచ్చేసరికి మా కాంప్లెక్సులో దొండకాయలు, కరివేపాకు అన్నీ పాపువా సంచుల్లోనే ఇళ్ళకు చేరేవి. సాయంత్రం నడకకు ఆమె రాలేదంటే తలుపు కొట్టి మరీ లాక్కొచ్చేవాళ్ళు.

ఆమె కుదుటపడింది, కెప్టెన్ మాత్రం ఇంకా ఊగుతూనే ఉన్నాడు. కారణం అతని భార్యే చెప్పింది. వాళ్ళ దేశంలో కొన్ని వందల భాషలున్నాయి. ఒకే భాష మాట్లాడేవాళ్ళను "వాన్‌టాక్" అంటారు. వాన్‌టాక్ అయితే చాలు, తిండి, పడక, కష్టం అన్నీ పంచుకోవలసిందే. అలాంటివాడు ఒక్కడూ పక్కన లేక అతనికి తిన్నది ఒంటబట్టడం లేదట. ఓస్, ఇంతేనా అనుకున్నాను. మనవాళ్ళు ఒకడు వచ్చాక రూమ్మేటునీ, తమ్ముణ్ణీ, బావమరిదినీ లాక్కురావడం నేను చూడనిదా!

అతని మాట తీసుకుని, వాళ్ళ కొండ ఊరి నుంచే ఒక కుర్ర ఫార్వర్డుకు ఆఫరిచ్చాను. "మా తమ్ముడు" అన్నాడు కెప్టెన్. తమ్ముడంటే ఏ తమ్ముడు అని నేను లాయరు ఆఫీసు గొంతుతో అడిగాను. మా ఆఫీసుకు వచ్చే ప్రతివాడికీ ప్రతివాడూ తమ్ముడే మరి. ఒక తల్లి పిల్లలు కారు, వాన్‌టాక్ అంతే. తమ్ముడు బయల్దేరేరోజు ఊరంతా పందుల్ని కోసి విందు చేసుకుని సాగనంపింది. ఆ సీజన్ అయిపోయాక అతను వచ్చిన వారానికే కెప్టెన్ కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. కొద్ది రోజులకే అతని భార్య నీళ్ళోసుకుంది. ఓనర్ నాకు పూలగుత్తి పంపాడు. కోచ్ అయితే ఆ వారమంతా నన్ను తిట్టనే లేదు, అది చూసి నాకే భయమేసింది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, సీజన్ మొదలయ్యే ముందు లీగ్ వాళ్ళు విదేశీ ఆటగాళ్ళ కోటా ఒకటి తగ్గించారు. మా జట్టులో విదేశీయులు అందరూ కావలసినవాళ్ళే. పోవలసింది ఇంకా పచ్చిగా ఉన్న తమ్ముడే. కోచ్ నాతో ఈ మాట చెబుతూ గోడవైపు చూశాడు. ఈ వీసాకు మీ హెచ్‌వన్‌బీలకు ఉన్నంత గ్రేస్ పీరియడ్ కూడా లేదు, కాంట్రాక్టు పోతే పెట్టె సర్దుకోవడమే. ఊరంతా విందు చేసి పంపినవాడు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి వెళితే ఇంకే క్లబ్బూ వాణ్ణి ముట్టుకోదు. నాకూ బాధేసింది. కానీ కెప్టెన్ ఉన్నాడు కదా, క్లబ్ నిలబడుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాను. సోమవారం చెబుదామని కోచ్ అన్నాడు. ఆ లోపల కెప్టెన్ చెవిన మాత్రం వేస్తానన్నాడు.

ఆ శనివారమే కెప్టెన్ భార్యకు మావాళ్ళు సీమంతం పెట్టుకున్నారు. అవునండీ, సీమంతమే. ఏడో నెల వచ్చింది, పుట్టింటివాళ్ళు దగ్గర లేరు, ఊరుకుంటామా అంది భీమవరం ఆవిడ. కాంప్లెక్సు క్లబ్‌హౌస్‌లో కుర్చీ వేసి, పట్టుచీర చుట్టి, బుగ్గలకు గంధం పూశారు. గాజులు ఆ చేతికి ఎక్కవేమోనని ఎడిసన్‌లో నాలుగు కొట్లు తిరిగి పెద్ద సైజువి తెచ్చారు. వరంగల్ అమ్మాయి సబ్బు రాసి ఒక్కొక్కటీ ఎక్కిస్తుంటే ఆమె పడీపడీ నవ్వుతోంది. మగాళ్ళంతా బయట పార్కింగులో నిలబడ్డారు. నేను పులిహోర గిన్నె మూత తీస్తుండగా కోచ్ ఫోన్ చేశాడు.

"కెప్టెన్ పొద్దున నా ఇంటికొచ్చాడు. చోటు తమ్ముడికి ఇచ్చేసి తనను తీసేయమన్నాడు" అన్నాడు.

సరిగా వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు. "ముప్పై ఏళ్ళ నుంచి ఆటగాళ్ళను తీసేస్తున్నాను, లవ్. తీసేసినందుకు నన్ను కొట్టినవాళ్ళున్నారు, నా కారు అద్దం పగలగొట్టినవాళ్ళున్నారు. నన్నే తీసెయ్ అని కాఫీ తాగుతూ చెప్పినవాణ్ణి ఇంతవరకు చూడలేదు" అన్నాడు. ఆఫీసులో నా ఎదురుగా ఎంతమంది కూర్చున్నారో లెక్కలేదు. వీసా నిలబెట్టుకోవడానికి అబద్ధమాడినవాళ్ళను చూశాను, కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాను, పక్కసీటు స్నేహితుడి మీద చాడీలు చెప్పినవాళ్ళనూ చూశాను. చేతిలో ఉన్న వీసాను తీసి పక్కవాడికిచ్చినవాడు మాత్రం నాకు తగల్లేదు.

మూత అక్కడ పడేసి పార్కింగులోకి పరుగెత్తాను. కెప్టెన్ మావారితో ఏదో మాట్లాడుతున్నాడు. చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. లాగితే కదిలే శాల్తీ కాదు, తనే వచ్చాడు.

"నీకేమైనా మతిపోయిందా? లోపల నీ పెళ్ళానికి ఏడో నెల" అన్నాను.

"తెలుసు ఆంటీ."

"కాంట్రాక్టు నీ పేరు మీదుంది. వాడు ఇంకా ఒక్క మ్యాచ్ ఆడలేదు. నువ్వు పోతే క్లబ్ ఏమవుతుందో తెలుసా?"

"ఇద్దరిలో ఒకడు వెళ్ళాలి కదా. నన్ను అడిగితే వాడొచ్చాడు. వాణ్ణి వెనక్కి పంపి నేనిక్కడ ఉంటే మా అమ్మ ఏ మొహం పెట్టుకుని మార్కెట్టుకు వెళ్తుంది?"

"నువ్వు పిలవలేదు, నేను పిలిచాను. ఆఫర్ మీద సంతకం నాది" అని గట్టిగానే అరిచాను.

అతను నవ్వాడు. "నీ సంతకం చూసి మా ఊరివాడు విమానం ఎక్కుతాడా ఆంటీ? నా పేరు చూసి ఎక్కాడు."

కళ్ళ నీళ్ళు వచ్చాయి, కోపంతోనే వచ్చాయి. ఒకణ్ణి ఆపడానికి ఇంకొకణ్ణి తెచ్చాను, ఆ రెండోవాడి కోసమే మొదటివాడు పోతున్నాడు. ఇది నేను కష్టపడి చేసిన ఘనకార్యం, పూలగుత్తి కూడా ముట్టింది. లోపల ఆ పిల్లకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. రెండు చేతుల నిండా గాజులతో ఆమె నా మొహం చూసింది.

"కోచ్ ఫోన్ చేశాడా?" అని అడిగింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"మా ఆయన్ను నేనే వెళ్ళి చెప్పమన్నాను. ఆయన సోమవారం దాకా ఆగుదామన్నాడు. విషయం పసిగట్టి తమ్ముడు రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, ఈరోజే చెప్పమన్నాను."

అప్పటికి మావాళ్ళందరికీ విషయం అర్థమైంది. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. వరంగల్ అమ్మాయి ఆమె ముందు నేలమీద కూలబడింది. ఆ అమ్మాయికి ఆవేశం వస్తే ఎవరితోనైనా ముందు తెలుగే వస్తుంది.

"ఏంది, పిచ్చి లేసిందా నీకు? రెండు నెలలు ఓపిక పట్టలేవా? బిడ్డ ఈడ పుడితే సిటిజన్ అయితడు! అక్కా, నువ్వన్న చెప్పు, విజిటర్ స్టేటస్‌కి మార్చొచ్చు గదా?"

మార్చమని అడగవచ్చు. ఇంగ్లీషులో ఆమెకు అంతా విడమరిచి చెప్పాను. "ఆయన్ను వెళ్ళనివ్వు. నువ్వు మా ఇంట్లో ఉండు. అప్లికేషన్ నేను పెడతాను. పురుడు మేమంతా కలిసి పోస్తాం" అన్నాను. భీమవరం ఆవిడైతే ఏడుస్తోంది. "నా కూతురు ఇక్కడ పుట్టలేదు. ఇరవై ఒకటి నిండితే మా వీసా కింద ఉండనివ్వరు, దాని దారి అది చూసుకోవాలి. రోజూ ఆ భయంతోనే నిద్రలేస్తాను. నీకు ఊరికే దొరుకుతుంటే వద్దంటావేంటి తల్లీ" అంది.

ఆమె భీమవరం ఆవిడ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, మీరందరూ నా వాన్‌టాక్‌లే. మీ భాష నాకు రాదు, అయినా మీరే" అంది. "కానీ ఈ బిడ్డ పుట్టేటప్పుడు వాళ్ళ నాన్న పక్కనుండాలి. బిడ్డ ఏ దేశంవాడైతే నాకేం? ఒంటరిగా కంటే మాత్రం నాకు బాధ." డాక్టరు విమానం ఎక్కవద్దనేలోపు వెళ్ళిపోవాలని అప్పటికే టికెట్లు చూసుకున్నారు. ఇంకేం మాట్లాడతాం? పులిహోర పెట్టాం. ఎవరూ సరిగా తినలేదు, ఆమె తప్ప.

సోమవారం తమ్ముడు కోచ్ గదిలోకి వచ్చి పెద్ద గొడవ చేశాడు. అన్నను ఉంచండి, నన్ను పంపండి అని బల్ల గుద్దాడు. బల్ల విరిగింది. కెప్టెన్ లోపలికి వచ్చి వాళ్ళ భాషలో నాలుగు మాటలన్నాడు. ఏమన్నాడో మాకెవరికీ తెలియదు. తమ్ముడు తల దించుకుని విరిగిన బల్ల ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. విమానాశ్రయంలో కెప్టెన్‌ను చివరిసారిగా అడిగాను, నిన్ను ఆపడానికి నేను ఇంకేం చేసి ఉండాల్సిందని. "అంతా బాగానే చేశావు ఆంటీ. వాడు లేకపోతే నేను పోయిన ఏడాదే వెళ్ళేవాణ్ణి" అన్నాడు. ఓదార్పో, ఎత్తిపొడుపో ఆలోచిస్తూ ఇంటికి డ్రైవ్ చేశాను.

ఆ సీజన్ మా జట్టు వరసగా ఓడింది. ఓనర్ నాతో మాట్లాడటం తగ్గించాడు. తమ్ముడు మాత్రం ప్రతి మ్యాచ్‌లోనూ ఇద్దరి ఆట ఒక్కడే ఆడాడు. ముక్కు పగిలింది, పక్కటెముక విరిగింది, అయినా బయటికి రానన్నాడు. కోచ్ అతన్ని నోరారా తిట్టేవాడు. ఏడాది చివరికొచ్చేసరికి ఆస్ట్రేలియా క్లబ్బొకటి అతనికీ కబురు పెట్టింది. మళ్ళీ మొదటికొచ్చింది నా బతుకు. ఈసారి పోనివ్వకూడదని ఓనర్ ఇవ్వగలిగినవన్నీ రాసుకుని, కోచ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తమ్ముణ్ణి పిలిచాను. చెప్పవలసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అంతా ఓపిగ్గా విన్నాడు. "నేను ఆస్ట్రేలియా వెళ్తాను ఆంటీ. అక్కడ నాకు చోటు దొరికింది కాబట్టి ఇక్కడి చోటు ఖాళీ అయినట్టే కదా?" అన్నాడు.

"అయినట్టే. వేరే ఎవర్నో వెతుక్కోవాలి" అన్నాను నీరసంగా.

అతను నావైపు వింతగా చూశాడు, ఇంత చిన్న విషయం ఈవిడకు ఎందుకు అర్థం కాలేదన్నట్టు. "వెతకడం ఎందుకు? అది అన్న చోటే. కోటాలో ఒక్క చోటే ఉందని ఈ ఏడాది నేను కూర్చున్నాను, అంతే. అన్న వేరే ఎక్కడా చేరకుండా ఊళ్ళో రోజూ ప్రాక్టీస్ చేస్తున్నాడు, పిలవండి" అన్నాడు.

కోచ్ కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ సర్వీసులో కొన్ని వేల వీసా ఫైళ్ళు కట్టాను. ప్రతిదీ ఒక మనిషిది, ఆ మనిషి ఒక్కడిదే అనుకునే కట్టాను. అప్పుడూ ఇప్పుడూ చట్టం కూడా అదే అంటుంది. ఈ ఇద్దరికీ ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు. ఆ ఏడాదంతా పోయినవాడి కోసం నేను ఏడుస్తూ కూర్చున్నాను. వాళ్ళ లెక్కలో అసలు ఎవరూ పోనే లేదు.

ఆ సాయంత్రమే మూడు అప్లికేషన్లు మొదలుపెట్టాను. మూడోది ఇంకా పళ్ళు కూడా రాని ఒక పాపది. ఇక్కడ పుట్టి ఉంటే ఆ కాగితం అక్కర్లేకపోయేదని భీమవరం ఆవిడ పాప పాస్‌పోర్టు ఫొటో చూసి మళ్ళీ ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని ఉయ్యాల కొనడానికి ఎడిసన్ బయల్దేరింది.